పెద్దమనిషి అంటే ఎవరు?

తెలుగులో 'పెద్దమనిషి' ఇద్దరున్నారు. ఊళ్లో గొడవొస్తే నలుగురూ ఎవరి దగ్గరికి పరిగెత్తుతారో ఆయన ఒకరు. 12, 13 ఏళ్లకి మొదటిసారి పీరియడ్స్ వచ్చిన పిల్ల ఇంకొకరు. ఆయన మాట అందరూ వింటారు. ఈ పిల్ల మాత్రం ఆ రోజు నుంచి అందరి మాటా వినాలి. తాటాకు చాప మీద కూర్చోబెట్టి, చిమ్మిలి పెట్టి, మేనమామ చేత పట్టుచీర తెప్పించి, ఇప్పుడైతే డ్రోన్ కూడా ఎగరేసి, ఇంత హడావిడి చేశాక చెప్పేదేంటి? గట్టిగా నవ్వకు, గుమ్మంలో నిలబడకు, తమ్ముడికి అన్నం పెట్టు. మా సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, అడ్మిన్ అని పేరు పెట్టి రీడ్ ఓన్లీ యాక్సెస్ ఇవ్వడం.

చిమ్మిలి మీద నాకేం కోపం లేదు, చాలా బావుంటుంది. నా గొడవంతా ఆ రోజు నేర్పే నీతి గురించే.

అమెరికన్ సైకాలజిస్ట్ కెరోల్ గిలిగన్ 1982లో 'ఇన్ ఎ డిఫరెంట్ వాయిస్' అనే పుస్తకం రాశారు. అంతకుముందు లారెన్స్ కోల్‌బర్గ్ అబ్బాయిల్ని మాత్రమే స్టడీ చేసి, మనిషిలో నీతి ఆరు మెట్లలో ఎదుగుతుందన్నారు. ఆయన అడిగే ప్రశ్న ఒకటుంది. భార్య చావుబతుకుల్లో ఉంది, మందు కొనడానికి డబ్బు చాలదు, మందులాయన రేటు తగ్గించడు. భర్త దొంగతనం చేయొచ్చా? గిలిగన్ పుస్తకంలో 11 ఏళ్ల జేక్ చేయాలంటాడు, డబ్బు కన్నా ప్రాణం ఎక్కువ కదా అని. అదే వయసున్న ఎమీ అలా తేల్చేయదు. అతను జైలుకెళ్తే ఆవిడని ఎవరు చూసుకుంటారు, ఇంకోసారి కూర్చుని మాట్లాడితే దారి దొరకదా అంటుంది. కోల్‌బర్గ్ స్కేల్ మీద ఎమీకి తక్కువ మార్కులు! ఆ స్కేల్‌కి ఎమీ ఆలోచన వినపడలేదని గిలిగన్ వాదన.

ఇక్కడిదాకా విని "చూశావా, ఆడవాళ్లకి ఓర్పు పుట్టుకతోనే వస్తుంది" అనేవాళ్లుంటారు. వాళ్లు మిగతా పుస్తకం కూడా చదవాలి. మొదట నా గురించే చూసుకుంటాను. తర్వాత నన్ను చెరిపేసుకుని అందరినీ చూసుకోవడమే మంచితనం అనుకుంటాను. ఆ పైమెట్టులో, చూసుకోవాల్సిన వాళ్లలో నన్నూ లెక్కేసుకుంటాను. గిలిగన్ చెప్పిన ఎదుగుదల ఇది. మనం రెండో మెట్టు మీదే ఆపేసి పెద్దమనిషి సర్టిఫికెట్ ఇచ్చేస్తున్నాం.

వచ్చే నెల మా పిన్ని కూతురి ఫంక్షన్. మెనూ, ఫొటోషూట్ అన్నీ ఫిక్స్. నీకేం కావాలే అని ఫోన్‌లో అడిగాను. ఫంక్షన్ ఓకేనట, స్కూల్ దారిలో తన ఫొటోతో ఫ్లెక్సీ మాత్రం వద్దట. మరి అమ్మకి చెప్పావా అన్నాను.

"అమ్మ ఫీలవుద్ది అక్కా" అంది.