తెలుగుకు దగ్గరి చుట్టాలెవరు?

అమీర్‌పేట, పంజాగుట్ట హాస్టళ్లలో ఉంటూ కంప్యూటర్ కోర్సులు నేర్చుకునేవారిలో ఉట్నూరు, భద్రాచలం ఏజెన్సీ యువత కూడా ఉంటారు. వారు ఇంట్లో మాట్లాడే గోండీని, కోయను నగరంలో చాలామంది ‘యాస’ అని తీసిపారేస్తారు. అది అన్యాయమే కాదు, శాస్త్రానికీ విరుద్ధం. ద్రావిడ కుటుంబంలో తెలుగుకు అతి దగ్గరి చుట్టాలు తమిళ, కన్నడాలు కావు. గోండీ, కోయ, కొండ, కుయి, కువి భాషలే.

తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని 1816లో భాషా పరిశోధకుడు ఎల్లిస్ చూపారు. 1856లో పండితుడు కాల్డ్వెల్ ద్రావిడ కుటుంబాన్ని సమగ్రంగా వివరించారు. ఆ కుటుంబంలో తెలుగు ఏ శాఖదన్న చిక్కు మాత్రం అలాగే మిగిలింది. దాన్ని విప్పినవారు భాషావేత్త భద్రిరాజు కృష్ణమూర్తి. 1961 నాటి ‘తెలుగు వెర్బల్ బేసెస్’లో ఆయన ధ్వనుల మార్పును ఆధారంగా తీసుకున్నారు. తమిళంలో ‘ఇరండు’గా ఉన్న మాట తెలుగులో ‘రెండు’ అయింది, గోండీలో ‘రండ్’ అయింది. మాటలు అరువుకు దొరుకుతాయి. కానీ మాట మొదటి అచ్చు వెనక్కి జరిగి హల్లు ముందుకు రావడం వంటి మార్పు ఎన్నో మాటల్లో ఒకే తీరున కనిపిస్తే, అది ఉమ్మడి చరిత్రకు ఆనవాలు.

శాస్త్రం లెక్క ఒకటి, సర్కారు లెక్క మరొకటి. కోయను భాషావేత్తలు సాధారణంగా గోండీ మాండలికంగా చూస్తారు. 2011 జనగణన మాత్రం సుమారు 4 లక్షల మంది మాట్లాడే విడి భాషగా చూపి, మారియా, మురియా మాండలికాలను దాదాపు 30 లక్షల గోండీలో కలిపింది. దేశంలోని 1,369 మాతృభాషలు అలాగే 121 భాషలకు కుదించుకుపోయాయి. గోండీకి ఇప్పటికీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. బోడో, సంతాలీలకు 2003 సవరణతో దక్కింది.

మలేసియాలోని సబా రాష్ట్రంలోనూ దుసున్ భాషలకు, ఏది భాష, ఏది మాండలికం అన్న ఇదే ప్రశ్న ఎదురైంది. 1995లో కడజాన్, దుసున్ సంఘాలు బుందు, లివాన్ మాండలికాల ఆధారంగా ‘కడజాన్‌దుసున్’ అనే ప్రామాణిక భాషకు ఒప్పుకున్నాయి. 1997 నుంచి అది బడుల్లో పాఠ్యాంశమైంది. వంశవృక్షం గీసేది పండితులే అయినా, ఏ పేరుతో, ఏ రూపంలో చదువుకోవాలో అక్కడ తేల్చుకున్నది మాట్లాడేవారే.

మనమూ అదే దారి పట్టాలి. కోయ, గోండీ ఒకటా రెండా అన్న చర్చ విశ్వవిద్యాలయాల్లో సాగనివ్వండి. ఆ చర్చ తేలలేదన్న సాకుతో పిల్లల మాతృభాషా బోధన ఆగకూడదు. పాఠ్యపుస్తకం ఏ మాండలికంలో రావాలో కోయ, గోండీ ఊళ్ల పెద్దలను, ఉపాధ్యాయులను అడిగి నిర్ణయించాలి. తెలుగువారు చుట్టరికం ఒప్పుకుంటే, ఆ బడులకు నిధులు అడగడంలోనూ పక్కన నిలబడాలి.