పరుగెత్తితే చాలదు, లెక్కలోకి రావాలి

2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. మహిళల 100 మీటర్ల హర్డిల్స్‌ను మన విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజి 13.03 సెకన్లలో ముగించింది. అప్పటికి జాతీయ రికార్డు 13.38. ఒడిశా క్రీడాకారిణి అనురాధా బిస్వాల్ పేరిట 2002 నుంచి చెక్కుచెదరకుండా ఉన్నది. ఒక సెక్యూరిటీ గార్డు కూతురు, ఇంకా చదువుకుంటున్న పిల్ల, దాన్ని అంత తేడాతో దాటేసింది. అయినా రికార్డు ఆమెకు ఇవ్వలేదు. అక్కడ ఆమెకు డోపింగ్ పరీక్ష జరగలేదు, జాతీయ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి కూడా లేరు. ఆ రెండు ఏర్పాట్లూ చేయవలసింది పరుగెత్తే పిల్లేనా?

కాలేజీ విద్యార్థి పెద్ద పోటీలకు ఎలా వెళ్తారో మన ఇళ్లలో చాలామందికి తెలియదు. కాలేజీ నుంచి అంతర్ కళాశాల పోటీలకు వెళ్లాలి. అక్కడ రాణించినవారితో విశ్వవిద్యాలయ జట్టు కడతారు. ఆ జట్టు అఖిల భారత పోటీలకు వెళ్తుంది. అంతవరకు ప్రధానంగా చూసేది స్థానం: పక్కవాడికన్నా ముందు వచ్చావా లేదా అన్నదే. ఆపైన సీనియర్ జాతీయ పోటీలు, అంతర్జాతీయ పోటీల దగ్గర లెక్క మారుతుంది. ఇంత సమయంలో పరుగెత్తాలి, ఇంత దూరం దూకాలి అని ముందే గీత గీస్తారు.

అసలు చిక్కు ఇక్కడే. స్టాప్‌వాచ్ నొక్కి తీసిన సమయం పెద్ద పోటీల్లో నిలబడదు. 100, 200 మీటర్ల పరుగుల్లో చేతి గడియారం సమయాన్ని ఎలక్ట్రానిక్ సమయంతో పోల్చాలంటే 0.24 సెకన్లు కలుపుతారు. పొట్టి పరుగుల్లో వెనకనుంచి గాలి సెకనుకు 2 మీటర్లు మించితే రికార్డుకు పనికిరాదు. గాలి కొలిచే పరికరమే లేకపోతే ఆ పరుగుకు రుజువేది? మట్టి ట్రాక్ మీద, ఈలతో, చేతి గడియారంతో జరిగే పోటీలో గెలిచిన పిల్లకు మెడలో పతకం ఉంటుంది గాని చేతిలో అంకె ఉండదు.

జ్యోతికి గాలి కూడా అడ్డం వచ్చింది. 2022 ఏప్రిల్‌లో కోళికోడ్ ఫెడరేషన్ కప్‌లో 13.09 పరుగెత్తితే గాలి 2.1 ఉందన్నారు. మరుసటి నెల సైప్రస్‌లో 13.23 పరుగెత్తాక గాని జాతీయ రికార్డు ఆమె పేరు మీదికి రాలేదు. మూడబిద్రిలో పరుగెత్తినదానికంటే అది నెమ్మది! 2023లో చెంగ్డూ ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78తో కాంస్యం గెలిచింది. పారిస్ ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత 12.77. చివరికి ప్రపంచ ర్యాంకింగ్ దారిలో పారిస్ చేరింది.

గాలి నియమం న్యాయమైనదే, దాని మీద నాకు తగువు లేదు. కొలిచే ఏర్పాటు అందరికీ సమానంగా అందకపోవడం మీదే తగువు.

అమెరికాలో ఎన్‌సీఏఏ మొదటి డివిజన్‌లో ఆరుబయట పోటీలకు పద్ధతి వేరు. సీజన్ మొత్తం నమోదైన గణాంకాలను బట్టి ఒక్కో విభాగంలో తూర్పు నుంచి 48 మందిని, పడమర నుంచి 48 మందిని తీసుకుంటారు. ఒక్కో వైపు నుంచి 12 మంది ఫైనల్ పోటీలకు వెళ్తారు. స్పష్టంగానే ఉంది. అక్కడా మంచి గణాంకం కోసం మంచి ట్రాక్ ఉన్న ఊరికి వెళ్లాలి, అందుకు డబ్బున్న కాలేజీ ఉండాలి. కానీ పరుగెత్తిన పరుగు లెక్కలోకి వస్తుందా రాదా అన్న దిగులు అంతగా ఉండదు.

మన విశ్వవిద్యాలయాలు అంతర్ కళాశాల స్థాయి నుంచే ఎలక్ట్రానిక్ టైమింగ్, గాలి కొలత పెట్టాలి. అఖిల భారత పోటీల్లో డోపింగ్ పరీక్ష, సాంకేతిక ప్రతినిధి లేకుండా తుపాకీ పేల్చకూడదు. అతిథులకు శాలువాలు, మెమెంటోలు ఎప్పుడూ తక్కువ కావడం లేదు గదా.

కోలార్‌లోనో, బరంపురంలోనో, యానాంలోనో చదివే మన పిల్లల్లో చాలామందికి సెలక్షన్ నోటీసు వ్యాయామ అధ్యాపకుడి గది తలుపు దాటి రాదు. యువజన కూడికల్లో ఏటా క్రికెట్ కప్పు పెడుతున్నాం, మంచిదే. ఈసారి కాలేజీలో పరుగెత్తే పిల్లలెవరో కూడా అడగండి, ఆడపిల్లలను ముందు అడగండి. స్పైక్స్ ఉన్నాయా, రైలు ఖర్చులు ఎవరు పెడుతున్నారు అని కనుక్కోండి. పోటీ అయ్యాక ఫలితాల కాగితం మీద సమయం పక్కన గాలి అంకె రాశారేమో చూసుకుని, ఇంటికి వచ్చే ముందే ఫోటో తీసుకోమనండి.