బేరంలో అవతలివారి లెక్క

బేరం, సానుభూతి ఒకే ఒరలో ఇమడవని చాలామంది నమ్మకం. ఈ సంచిక ఆ నమ్మకాన్నే ప్రశ్నిస్తోంది. మన ఫిలింనగర్‌నే చూద్దాం. 30 శాతం వేతన పెంపు కోరుతూ 2025 ఆగస్టు 4న సినీ కార్మికులు షూటింగులు ఆపేశారు. ప్రభుత్వ జోక్యంతో 21న నిర్మాతలతో రాజీ కుదిరింది. రోజుకు 2,000 రూపాయల లోపు వేతనం ఉన్నవారికి మూడేళ్లలో విడతలవారీగా 22.5 శాతం, అందులో తొలి ఏడాదే 15 శాతం. 2,000 నుంచి 5,000 దాకా తీసుకునేవారికి తొలి ఏడాది 7.5 శాతమే. లైట్‌మన్ ఇంటి అద్దె ఆగదు, షూటింగ్ ఆగినా నిర్మాత తెచ్చిన అప్పుకు వడ్డీ ఆగదు. ఈ రెండు ఇబ్బందులకూ ఆ అంకెల్లో చోటు కనిపిస్తుంది.

సమ్మె, ప్రభుత్వ జోక్యం లేకుంటే ఎవరు దిగొచ్చేవారని అడగొచ్చు. నిజమే, ఒత్తిడి లేనిదే చర్చలు మొదలుకావు. అయితే తక్కువ కూలికి ఎక్కువ పెంపు, భారం మూడేళ్లకు పంపకం అన్న ఆలోచన ఒత్తిడి ఒక్కదానితో పుట్టదు. జాలిపడితే నష్టపోతామన్న భయమూ ఉంది. అవతలివారి ఇబ్బంది తెలిసినంత మాత్రాన మన పట్టు వదలక్కర్లేదు; ఎక్కడ బిగించాలో, ఎక్కడ సడలించాలో తెలిసొస్తుంది. జీతం పెంపైనా, ఇంటి అద్దైనా, ఆలుమగల మధ్య ఇంటిపని పంపకమైనా, నోరు విప్పేముందు ఎదుటివారి లెక్క కూడా ఒకసారి వేసి చూడమన్నదే ఈ సంచికలోని రచనలన్నిటి మాట, మా మాట కూడా.