మన ఢావ్‌లోకు పోర్చుగల్ సాక్ష్యం కావాలా?

చదువుకున్న మన పిల్లల ఫోన్లలో ఈమధ్య ఒక పోర్చుగీసు మాట కనబడుతోంది. ‘సౌదాద్’. దూరమైన మనిషి కోసం, విడిచొచ్చిన ఊరి కోసం మనసు కొట్టుకోవడం. అందులో బాధా ఉంది, తలచుకోవడంలోని తీపీ ఉంది. మంచి మాటే. కానీ ‘ఇట్లాంటిది మన భాషల్లో లేదు సార్’ అంటారే, అక్కడ నాకు మండుతుంది.

మా సుగాలి తాండాలో పెళ్లికూతురు అత్తగారింటికి పోయేముందు యాడి మెడ పట్టుకుని, బా మెడ పట్టుకుని ఏడుస్తూ పాడే ఢావ్‌లో ఏమిటి మరి? ఆ ఎడబాటుకు మేం మాటతో సరిపెట్టుకోలేదు, ఏకంగా పాటే కట్టుకున్నాం.

సౌదాద్ గొప్పదెట్లా అయింది? 15వ శతాబ్దంలోనే దువార్తె రాజు దాని గురించి పుస్తకంలో రాశాడు. రాసుకున్నారు కాబట్టి నిలిచింది. రాజుల సంగతి వదలండి. కేప్ వెర్దె దీవులు మన అనంతపురం లాంటి కరువు సీమ. పోర్చుగల్ పాలనలో అక్కడి జనాన్ని సావో తోమె తోటలకు కూలికి తరలించారు. ఆ ఎడబాటును వాళ్లు తమ క్రియోలులో ‘సొదాద్’ అన్నారు. 1992లో సెజారియా ఎవోరా ఆ పాటను రికార్డు చేసింది. అక్కడ అధికార భాష పోర్చుగీసే. అయినా ఆమె తన ఇంటి భాషలోనే పాడింది, లోకం విన్నది.

మన దగ్గర? వాన రాక శెనక్కాయ పంట ఎండితే తల్లీతండ్రీ బెంగుళూరుకో కేరళకో పోతారు. అవ్వ దగ్గర మిగిలిన బిడ్డ తరగతిలో వాకిలి వైపే చూస్తుంటాడు. నోరు తెరిస్తే గోర్ బోలి వస్తుంది. ‘తెలుగులో చెప్పు’ అంటాం. టీటీసీ చదివిన నేనే, గోర్ బోలిలో పెరిగిన నేనే, ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాట అన్నాను. ఆ బిడ్డ ఇక నాతో ఏమీ చెప్పలేదు. ఆ దిగులును నేను మొద్దుతనం అనుకున్నాను.

‘మన భాషకు లిపి లేదు కదా’ అంటారు. పోర్చుగీసు వాళ్ల లిపి సొంతమా? రోమన్లది. మనకు తెలుగు అక్షరాలు చాలవా? రాజ్యాంగం 350-ఎ అధికరణం, 2009 విద్యాహక్కు చట్టం మాతృభాషలో చదువు చెప్పమనే అంటున్నాయి. అడ్డం చట్టం కాదు, మన సిగ్గు.

టీచర్లారా, వచ్చే సోమవారం పిల్లల్ని ఒక్కటి అడగండి: ‘అమ్మ గుర్తొస్తే మీ ఇంట్లో ఏమంటారు?’ సుగాలి, ఎరుకల, యానాది, చెంచు, ఏ బిడ్డ ఏ మాట చెప్పినా నల్లబల్ల మీద రాయండి. యువకులారా, మీ అవ్వ పాట రాసి పెట్టుకోండి. అవ్వ పోయాక దాని కోసం సౌదాద్ అని స్టేటస్ పెట్టి ఏం లాభం?