షార్ట్‌వేవ్‌కు అప్పుడే జనాజా ఎందుకు?

"ఇంకా రేడియో ఏంది భాయ్? ఫోన్ల యాప్ ఉంది కదా!" గోదావరిఖని చౌరస్తాల చాయ్ తాగుతూ ఒక దోస్త్ నవ్విండు. అప్పుడు ఖామోష్‌గ ఉన్న. ఇప్పుడు జవాబ్ రాస్తున్న.

మా అబ్బా బాయి పని చేసేటోడు. రాత్రిళ్లు షార్ట్‌వేవ్ మీద ఆలిండియా రేడియో ఉర్దూ సర్వీస్ పెట్టేటోడు. గజల్ సగంల ఉండంగనే ఆవాజ్ వంకర పోయేది, గొంతు నీళ్లల్ల మునిగినట్టు. "స్టేషన్ దూరముంది బేటా" అనేటోడు. అది సగమే సచ్ అని నాకు చాలా ఏండ్లకు తెలిసింది.

స్టేషన్ పంపే ఏఎం తరంగంల నడుమ క్యారియర్ ఉంటది, దానికి రెండు పక్కల సైడ్‌బ్యాండ్లు. మాట, పాట ఉండేది ఆ పక్కలల్ల. ఆకాశంల అయనోస్ఫియర్‌కు తగిలి ఒకే సిగ్నల్ రెండు మూడు తొవ్వల కిందికొస్తది. అవి కలిసేకాడ ఒక్కోసారి ఒట్టి క్యారియరే కొట్టుకపోతది. మామూలు సెట్టుల ఉండే డయోడ్‌కు ఆ క్యారియరే దిక్కు. అది పడిపోతే సైడ్‌బ్యాండ్లు సలామత్‌గ ఉన్నా ఆవాజ్ చెడిపోతది. హార్మోనియం ఆగితే ఖవ్వాలీ శ్రుతి తప్పినట్టు.

సింక్రోనస్ డిటెక్షన్ అంటే, సెట్టు తన లోపలే స్థిరమైన తరంగం పుట్టించి, వచ్చే క్యారియర్‌తోని జతకట్టి, దాని ఆసరాతోని ఆవాజ్ తీసుడు. పక్క స్టేషన్ ఒక దిక్కు నుంచి మీద పడుతుంటే, రెండో దిక్కు సైడ్‌బ్యాండ్ ఒక్కటే వినొచ్చు. ఇది నిన్న మొన్నటి కరామత్ కాదు. సోనీ ఐసీఎఫ్-2010ల 1985లనే ఉంది. గరీబు కొనే సెట్టుల మాత్రం ఇయ్యాల్టికీ కనబడది.

గిదే నా ఏతరాజ్. వినేటోళ్లు తగ్గిండ్రని బీబీసీ హిందీ 2020 జనవరి 31న షార్ట్‌వేవ్ బంద్ చేసింది. ఆకాశవాణి డిజిటల్ డీఆర్ఎం తెచ్చింది, మంచిదే. కాని అబ్బా సెట్టు అసొంటిది దాన్ని వినలేదు. చేతికి నాసి సెట్టు ఇచ్చి, వింటలేరని ఫైసలా చెప్పుడు ఏ ఇన్సాఫ్?

సింక్ అన్ని మర్జులకూ దవా కాదు, ఒప్పుకుంట. రామగుండంల 2600 మెగావాట్ల ఎన్టీపీసీ ఉంది, నెత్తి మీద హైటెన్షన్ తీగలు, ఇంట్ల ఎల్ఈడీ బల్బులు. ఆ గరగరను సింక్ ఆపలేదు. సెట్టును బ్యాటరీ మీద నడపాలె, బల్బులు బంద్ చేయాలె, కిటికీ బయటికి ఒక వైరు కట్టాలె. సిగ్నల్ మరీ సన్నగైతే సింక్ జత కూడా తెగుతది.

ఇగ యాప్ ముచ్చట. దానికి డేటా కావాలె, టవర్ కావాలె. ఎవరు ఏం విన్నరో అది రాసి పెట్టుకుంటది. అబ్బా రాత్రిళ్లు ఏం విన్నడో ఏ సర్వర్లా లేదు. ఆ ఆజాదీకి ఖీమత్ లేదా?

ఆవాజ్ సన్నగయిందంటే మాట్లాడేటోడు సచ్చిండని కాదు. ముందుగాల సెట్టు సరిచేసి ఇయ్యుండ్రి. జనాజా ముచ్చట తర్వాత.