బాలూ ఎలుగుబంటి హీరో కాదా?

డిస్నీ వాళ్ల 1967 ‘జంగిల్ బుక్’లో బాలూ పాడుకుంటూ, వీపు గోక్కుంటూ, తిండి వెతుక్కుంటూ తిరుగుతాడు. అందుకే కామెడీ పాత్ర అనేస్తారు. (1894 పుస్తకంలో మాత్రం స్ట్రిక్టు మాస్టారు, దెబ్బలు కూడా వేస్తాడు!)

జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో చెప్పిన లెక్కలో హీరో ఇల్లు వదిలి, పరీక్షలు దాటి, ఏదో గెలుచుకుని తిరిగి రావాలి. బాలూ అడవి దాటి ఎక్కడికీ పోడు. ఆ కొలతకు సరిపోడు, నిజమే. మరి షేర్‌ఖాన్ మోగ్లీ మీదికొస్తే పులి తోక పట్టుకుని వేలాడిందెవరు? చచ్చేంత దెబ్బలు తిన్నదెవరు? అంతకన్నా కష్టమైన పని ఇంకోటి చేశాడు. కొడుకులా చూసుకున్న పిల్లాడికి నువ్వు ఊరికి పోవాలిరా అని చెప్పడం. ఆ మాట నోటికి రాక ఎంత తడబడతాడో చూడండి.

నవ్వేవాడు సీరియస్ మనిషి కాదనే ముద్ర మనకు కొత్తా? గుస్సాడీ ఆడితే ఫోటోలు తీస్తారు, పోడు భూమి గురించి మాట్లాడితే వినరు.

ఇంకో మాట. పుస్తకంలో ఆ అడవి మధ్యప్రదేశ్‌లోని సియోనీ, గోండుల నేల. సినిమాలో గోండు మనిషి ఒక్కడూ లేడు. మనలో బొమ్మలు గీసేవాళ్లున్నారు కదా, ఆ కథ మళ్లీ గీస్తే బాలూ పక్కన ఎవరిని నిలబెడతారు?