బస్తర్ గుహల్లో ఏడువందల ఏళ్ళ నాటి కరువు

రాయపూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే దారిలో ధర్సీవా వస్తుంది. ఒకపక్క సిల్తరా స్పాంజ్ ఐరన్ కర్మాగారాల పొగగొట్టాలు, ఇంకోపక్క వరి మళ్ళు. ఇక్కడి పాత సేద్యంలో నారుమడి ఉండదు. తొలకరికి విత్తనాలు వెదజల్లుతారు. పైరు నెల తిరిగేసరికి మడిలో బెత్తెడుకు మించి నీళ్ళు నిలవాలి. అప్పుడు ఆ పచ్చని పైరులోనే నాగలి తోలి కలుపును అణగదొక్కుతారు, ఒత్తుగా ఉన్న మొక్కల్ని సర్దుతారు. ఈ పనిని బియాసీ అంటారు. అదను దాటాక ఎంత వాన పడినా బియాసీకి పనికిరాదు. కలుపు పైకొస్తుంది, గింజ తగ్గుతుంది. అందుకే ఛత్తీస్‌గఢ్ రైతు ఏడాది మొత్తానికి ఎన్ని సెంటీమీటర్లు కురిసిందన్నది తర్వాత చూస్తాడు. జులైలో వాన ఎన్నాళ్ళు మొహం చాటేసిందన్నదే అతనికి ముందు లెక్క.

వర్షాకాలం నడిమధ్య వచ్చే ఈ విరామం ఎంత తీవ్రంగా, ఎన్నేళ్ళు వరసగా రాగలదు? వాతావరణ శాఖ దస్త్రాలు దీనికి సగం జవాబే ఇస్తాయి. దేశం మొత్తానికి నమ్మదగిన వర్షపాత లెక్కలు 1871 నుంచే ఉన్నాయి. మద్రాసు వంటి ఒకటి రెండు చోట్ల అంతకు ముందువీ దొరుకుతాయి. ఈ నూటయాభై ఏళ్ళలో 1877, 1899, 1918, 1972, 1987, 2002, 2009 లాంటి చెడ్డ ఏళ్ళున్నాయి. 1965, 1966 వరసగా రెండేళ్ళు ఎండగట్టాయి. అయినా మరుసటేడో, ఆపై ఏడో మంచి కాలం వచ్చింది. రెండు మూడేళ్ళు ఓర్చుకుంటే గట్టెక్కుతామన్న మన ధీమా పుట్టింది ఈ దస్త్రాల నుంచే.

ఆ ధీమాను కదిలించే సాక్ష్యం ఛత్తీస్‌గఢ్‌లోనే ఉంది. ధర్సీవా నేల కిందా సున్నపురాయే. కానీ గుహల కోసం దక్షిణాన బస్తర్ దాకా, మూడువందల కిలోమీటర్లకు పైగా వెళ్ళాలి. జగదల్‌పూర్ దగ్గర కాంగేర్ లోయ జాతీయ వనం ఉంది. కుటుంసర్, దండక్, కైలాస్, ఝుమర్ గుహలన్నీ ఆ చుట్టుపక్కలే. కుటుంసర్‌ను 1950లలో భూగోళ శాస్త్రవేత్త శంకర్ తివారీ శోధించి లోకానికి పరిచయం చేశారు. ఆ చీకటి మడుగుల్లో తిరిగే, చూపు క్షీణించిన చేపల కోసం పర్యాటకులు వస్తారు. శాస్త్రవేత్తలు మాత్రం రాళ్ళ కోసం వస్తారు.

వాన నీరు మట్టిలోంచి దిగేటప్పుడు వేర్లు, సూక్ష్మజీవులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుంటుంది. అలా కాస్త పులుపెక్కిన నీరు సున్నపురాయిని కరిగించుకుంటూ గుహ కప్పు దాకా వస్తుంది. గుహ గాలి తగలగానే ఆ వాయువు బయటికి పోతుంది, కరిగిన సున్నం కాల్సైట్‌గా పేరుకుంటుంది. కప్పుకు వేలాడేది స్టాలక్టైట్, నేల మీంచి లేచేది స్టాలగ్మైట్. ఏడాదికి మిల్లీమీటరులో పదోవంతు అటూఇటూగా పెరుగుతుంది. వాన చరిత్రకు పనికొచ్చేది ఎక్కువగా స్టాలగ్మైటే, ఎందుకంటే దాని పొరలు ఒకదానిపై ఒకటి వరస తప్పకుండా కూర్చుంటాయి.

ఆ పొరల్లో వాన ఎలా నమోదవుతుంది? ఆక్సిజన్‌లో బరువు 16 ఉన్న పరమాణువులతోపాటు అరుదుగా 18 ఉన్నవీ ఉంటాయి. మేఘం కురవడం మొదలుపెట్టగానే బరువైన రకం ముందుగా రాలిపోతుంది. జోరుగా, రోజుల తరబడి కురిస్తే మిగిలిన వానలో తేలిక రకం వాటా పెరుగుతుంది. ఆ నీటితో ఏర్పడిన కాల్సైట్‌లోనూ ఆ తేడా కనిపిస్తుంది. పొర వయసు తేల్చడానికి యురేనియం సాయపడుతుంది. యురేనియం నీటిలో కరుగుతుంది, థోరియం దాదాపు కరగదు. కాబట్టి కొత్త పొరలో యురేనియమే ఉంటుంది. అది క్షీణించేకొద్దీ థోరియం-230 పేరుకుంటుంది. రెండింటి నిష్పత్తి వయసు చెబుతుంది. లక్షల ఏళ్ళ వెనక్కి వెళ్ళగల పద్ధతి ఇది. ఈ పద్ధతి ఇక్కడికి రాకముందు అహ్మదాబాద్ భౌతిక పరిశోధనశాలలో ఆర్. రమేశ్, ఎం.జి. యాదవ రేడియోకార్బన్‌తో దండక్ రాళ్ళకూ, పొరుగున ఒడిశా కొరాపుట్ జిల్లా గుప్తేశ్వర్ గుహ రాళ్ళకూ కాలం కట్టారు. సున్నపురాయి నుంచి వచ్చే పాత కార్బన్ ఆ లెక్కల్లో చిక్కు తెచ్చేది.

2007లో ఆశిష్ సిన్హా బృందం దండక్ స్టాలగ్మైట్ నుంచి క్రీ.శ. 600 మొదలు 1500 దాకా రుతుపవన చరిత్రను ప్రచురించింది. అందులో అన్నిటికన్నా లోతైన పతనం 14వ శతాబ్దంలోనూ 15వ శతాబ్దం నడుమనూ కనిపిస్తుంది. అది ఒకటి రెండేళ్ళ లోటు కాదు, దశాబ్దాల తరబడి బలహీనపడిన రుతుపవనం. కాగితాల మీది చరిత్ర కూడా దీంతో కలుస్తుంది. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలంలో ఢిల్లీ ప్రాంతాన్ని పీడించిన కరువును ఇబ్న్ బతూతా రాశాడు. 1396లో మొదలై పన్నెండేళ్ళు దక్కన్‌ను పట్టి పీడించిందని చెప్పే దుర్గాదేవి కరువూ ఆ శతాబ్దం చివరిదే.

తెలుగు పాఠకుడికి ఇక్కడ ఇంకో సంగతి తట్టక మానదు. 1323లో కాకతీయుల ఓరుగల్లు పడిపోయింది. ప్రతాపరుద్రుడి తమ్ముడిగా చెప్పే అన్నమదేవుడు ఆ తర్వాత ఉత్తరంగా వెళ్ళి బస్తర్‌లో రాజ్యం నిలబెట్టాడని సంప్రదాయం. కాకతీయులను కరువే కూల్చిందనడం ఆకర్షణీయమైన కథ. కానీ ఓరుగల్లును కూల్చింది ఢిల్లీ సైన్యం. అన్నమదేవుడి వారసులకు దక్కిన అడవుల్లో ఆ తరాల్లో వానలు చిక్కిపోయాయన్నంత వరకే ఆ రాయి సాక్ష్యం చెల్లుతుంది. అంతకు మించి దాని నోట పలికించకూడదు.

ఇంతకీ ఆ దశాబ్దాల్లో జరిగిందేమిటి? 2011లో అదే బృందం ఝుమర్ గుహ రాతిని ఈశాన్య భారతంలోని వా షికార్ గుహ రాతితో పోల్చింది. మధ్య భారతం ఎండినప్పుడు ఈశాన్యం తడిసింది, ఇక్కడ తడిసినప్పుడు అక్కడ తగ్గింది. ధర్సీవా రైతుకు ఇది కొత్త విషయమేం కాదు. రుతుపవన ద్రోణి హిమాలయాల పాదాలవైపు జరిగితే మైదానంలో వాన ఆగుతుంది, అసోం, మేఘాలయల్లో వరదలొస్తాయి. బియాసీని ఆపే జులై విరామం ఇదే. కొన్నాళ్ళు వచ్చిపోయే ఆ స్థితి తరాల తరబడి తరచుగా తిరిగొస్తే అది మహా కరువవుతుంది.

అభ్యంతరాలు లేకపోలేదు. ఆక్సిజన్ నిష్పత్తి స్థానిక వాన పరిమాణాన్నే కాదు, తేమ ఏ సముద్రం నుంచి, ఏ దారిన వచ్చిందో కూడా మోస్తుంది. దాన్ని మిల్లీమీటర్లలోకి మార్చి చెప్పేవాళ్ళను అనుమానించాల్సిందే. ఒక్క గుహ మాట చాలదు, చుట్టుపక్కల గుహలు ఔననాలి. ఇక్కడ తెలుగు నేలకూ పని ఉంది. కర్నూలు సీమ వాల్మీకి గుహ స్టాలగ్మైట్ సుమారు 15,700 నుంచి 14,700 ఏళ్ళ కిందటి రుతుపవనపు ఒడుదుడుకులను చెప్పిందని 2014లో వెల్లడైంది. హైదరాబాద్ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలకు అందులో పాలుంది. బెలూం, బొర్రా గుహలను మనం రంగు దీపాలతో ముస్తాబు చేసిన శ్రద్ధలో కాస్త పరిశోధన మీద పెట్టి ఉంటే బస్తర్ సాక్ష్యానికి దక్షిణాది తోడు ఈసరికి బలంగా ఉండేది. ఆ దీపాల వేడికి, వెలుగుకు గుహ గోడల మీద నాచు పెరుగుతుంది కూడా. కాంగేర్ లోయ 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కింది. జనం పెరుగుతారు, తాకే చేతులూ పెరుగుతాయి.

అసలు లోటు మన లెక్కల్లో ఉంది. వాతావరణ శాఖ ఇప్పుడు చెప్పే ‘సాధారణ’ నైరుతి వర్షపాతం, దేశమంతటికీ 87 సెంటీమీటర్లు, 1971 నుంచి 2020 దాకా యాభై ఏళ్ళ సగటు. ప్రధానమంత్రి ఫసల్ బీమా గడచిన ఏడేళ్ళ దిగుబడిని చూసి, అందులో మెరుగైన ఐదేళ్ళ సగటుతో పరిహారానికి గడప గీస్తుంది. కరువు ఏడేళ్ళు దాటితే ఆ గడపే కరువుతోపాటు దిగిపోతుంది, రైతుకు పరిహారం ఎగిరిపోతుంది. రాయపూర్ తాగునీటికీ, భిలాయ్ ఉక్కు కర్మాగారానికీ, మహానది కాలువల కింద మళ్ళకూ ఆధారమైన గంగ్రేల్ జలాశయం 1970ల చివర్లో పూర్తయింది.  దండక్ రాయి చూపిన దశాబ్దాల లోటు వస్తే ముందు ఎవరి తూము మూయాలో ఛత్తీస్‌గఢ్ జలవనరుల శాఖ ఇప్పుడే లెక్క కట్టి ప్రజల ముందు పెట్టాలి. ఆ కసరత్తుకు కావలసిన తొలి ఆధారం 2007 నుంచీ అచ్చులో ఉంది.